ఎలుక బుట్టతో జైనూర్ దాకా

గురువారం పొద్దున అయిదున్నరకు కరీంనగర్ బస్టాండుకు చేరాను. భుజాన బట్టల సంచి, చేతిలో వెదురుతో అల్లిన ఎలుక బుట్ట. సంచిని ఎవరూ పట్టించుకోలేదు. బుట్టను మాత్రం చాయ్ అమ్మే అతని దగ్గర్నుంచి ప్లాట్‌ఫారం ఊడ్చే ఆమె దాకా అందరూ తేరిపార చూశారు. ఎలుకలు పట్టడం నేర్చుకోవడానికి జైనూర్ పోతున్నానంటే నవ్వుతారని, అడిగిన వాళ్లకల్లా "చుట్టాలింటికి" అని చెప్పాను.

అసలు సంగతి ఇది. నాకు కరీంనగర్‌లో చిన్న ఫొటో స్టూడియో ఉంది. మా కనకక్క మంథని దగ్గర రెండెకరాలు కౌలుకు తీసుకుని వరి వేస్తుంది. పోయిన యాసంగి పంటలో ఎలుకలు ఆమె పైరు కొరికి పారేస్తుంటే, తెలివంతా నా ఒక్కడి సొత్తే అన్నట్టు టౌనులో విషం పొట్లాలు కొనుక్కెళ్లి గట్ల మీద నా చేత్తోనే పెట్టాను. ఎలుకలు కొన్ని చచ్చాయి. చచ్చిన ఎలుకను తిని అక్క కుక్క మోతి కూడా చచ్చిపోయింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అప్పటి నుంచి నాతో అవసరమున్నంత వరకే మాట్లాడుతోంది.

ఈ వానకాలం వరి పొట్టకు రాగానే ఎలుకలు మళ్లీ దిగాయి. "ఇషం గింజ నా మడిల పడొద్దు. గీ పంట గూడ పోతే కౌలు ఇడిసిపెడ్త" అని తేల్చేసింది అక్క. పక్క మడి ఓదెలు మంచివాడే, కానీ అతని వరి కూడా పోతోంది. "సోమారం పొద్దుగాల దాకా సూస్త కనకక్కా. ఆపైన మందు పెట్టక తప్పది" అన్నాడు. ఇద్దరి మడులకూ గట్టు ఒకటే. ఆ గట్టు మీద విషం పెడితే అక్క మడిలో పెట్టినట్టే.

నెల కిందట ఆసిఫాబాద్‌లో ఒక పెళ్లికి ఫొటోలు తీయడానికి వెళ్లినప్పుడు, అంగడిలో ఒక పెద్దాయన దగ్గర పన్నెండు ఎలుక బుట్టలు కొన్నాను. ఎట్లా పెట్టాలో ఆయన చెప్పబోతుంటే "తెలుసు, తెలుసు" అని ఆటో ఎక్కేశాను. నాకు ఓపిక ఎంతో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. బుట్టలు అక్క మడిలో పెట్టి వారమైంది. ఒక్క ఎలుక పడలేదు. ఆయన ఇచ్చిన నంబరు ఎన్నిసార్లు కొట్టినా కలవడం లేదు. పేరు మారుతి, ఊరు జైనూర్ అవతల ఒక గూడెం. నాకు తెలిసింది అంతే. ఒక బుట్టను వెనక్కి తెచ్చుకుని, అదే పట్టుకుని బయల్దేరాను.

ఆరుకు బస్సు కదిలింది, ఏడు దాటాక పెద్దపల్లి. స్టేషన్ బయట ఇడ్లీ తినండి, చట్నీ బాగుంటుంది. టికెట్ల ధరలు మాత్రం నేను రాయను. మీరు వెళ్లేనాటికి అవి పెరుగుతాయి, మీరు నన్ను తిట్టుకుంటారు. కాగజ్‌నగర్ వైపు పోయే బండి అరగంట ఆలస్యంగా ఎనిమిదిన్నరకు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది కానీ బుట్టను పెట్టే చోటు దొరకలేదు. ఒళ్లో పెట్టుకున్నాను.

ఎదురుగా కాగజ్‌నగర్ పెద్దాయన ఒకరు కూర్చున్నారు. పేపరు మిల్లులో పనిచేసి రిటైరయ్యారట. "గిదేంది సార్, పిట్టల బుట్టనా?" అని అడిగారు. రైల్లో అబద్ధమాడి లాభం లేదని నిజం చెప్పాను. ఆయన తొడ మీద చరుచుకుని నవ్వారు.

"మా మిల్లు బంద్ ఉన్నన్ని దినాలు మా గల్లీల ఎలుకలు గూడ వేరే ఊర్లకు బతుకపోయినయ్ సార్! మిల్లు తెరిచినంక మనుషుల కంటే ముందుగాల అవే వాపస్ వచ్చినయ్."

ఆయన పక్కనున్న ఆమె మాత్రం నవ్వలేదు. నా మీద జాలిపడింది. "ఎలుకను పట్టుడు నేర్సుకోను గింత దూరం పోవాల్నా అన్నా? పిల్లిని సాదుకోరాదు?" అంది. బుట్టను ఒళ్లో సర్దుకుని కిటికీ వైపు తిరిగాను.

పదిన్నరకు ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచి ఊళ్లోకి షేర్ ఆటో. బస్టాండు ఎదుట పూరీ తిని, పన్నెండుకు జైనూర్ బస్సెక్కాను. బస్సు నిండా ఆడవాళ్లే, అందరికీ డబ్బులక్కర్లేని జీరో టికెట్లే. నిలబడ్డవాళ్ల మధ్య నా బుట్టకు సీటు ఇచ్చినందుకు కండక్టరమ్మ ఊరుకోలేదు. "బుట్టకు టికెట్ తీస్తవా, ఒళ్లె పెట్టుకుంటవా?" అంది. మళ్లీ ఒళ్లోకే తీసుకున్నాను. కెరమెరి ఘాట్‌లో మలుపులు ఎక్కువ, కడుపులో తిప్పే అలవాటున్న వాళ్లు ముందు సీట్లలో కూర్చోవాలి. వానలు వెలిసి ఎక్కువ రోజులు కాలేదు. టేకు చెట్లు పచ్చగా ఉన్నాయి, బండల మీంచి సన్నగా నీళ్లు జారుతున్నాయి. ఆ కాసేపు ఎలుకలనూ అక్కనూ మరిచిపోయాను.

రెండున్నరకు జైనూర్. మారుతి ఎక్కడుంటాడో కనుక్కోవడం కష్టమనుకున్నాను గానీ నా చేతిలో బుట్టే నాకు చిరునామా అయింది. చాయ్ హోటలాయన దాని మూతి దగ్గరి ముడి చూసి, "గిది మారుతి దాదా చేతిపని" అని, ఏ ఆటో ఎక్కాలో కూడా చెప్పాడు. ఆ ప్రాంతంలో పెద్దవాళ్లను దాదా అంటారు.

మూడున్నరకు గూడెం చేరేసరికి మారుతి దాదా ఇంటి ముందు కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. అరవై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి. నన్ను గుర్తుపట్టాడో లేదో గానీ తన బుట్టను గుర్తుపట్టాడు. చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా ముఖం చూశాడు.

"గీ బుట్టకు పెండ్లి చేసినవా ఏంది సార్?"

ఒప్పుకోక తప్పలేదు. కొత్త వస్తువు ఏదైనా పూజ చేయకుండా వాడే అలవాటు మా ఇంట్లో లేదు. కొత్త కెమెరాకు కూడా బొట్టు పెట్టే మనిషిని నేను. పోయినసారి చేసిన తప్పు కూడా మోస్తున్నానేమో, భక్తి కొంచెం ఎక్కువైంది. పన్నెండు బుట్టలకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, మల్లెల వాసనొచ్చే ఊదుబత్తులు కట్ట మొత్తం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చిలకరించాను. ఇదంతా చెబుతుంటే దాదా భార్య సోంబాయి చేటలో పప్పు పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఎలుకకు కండ్లు తక్కువ, ముక్కు జాస్త" అన్నాడు దాదా. "నీ బుట్ట దూరంకెల్లి నేనీడున్న అని ఒర్రుతుంది. ఇగ అదేమొస్తది? ఏడ పెట్టినవ్?"

ఫోనులో ఫొటో చూపించాను. మడి నడిమధ్యలో బుట్టలు వరుసగా, సమానమైన ఎడంతో, పెళ్లి గ్రూపు ఫొటోలో చుట్టాల్లా నిలబడి ఉన్నాయి.

"ఫొటో మంచిగున్నది" అన్నాడు దాదా. "గని ఎలుక నడిసేది గట్టు పొంటి. నడిమిట్ల బంతి పెడితె తినిపోను అది పెండ్లికొచ్చిందా?"

అప్పుడు కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. ఈసారి తెలుసు తెలుసు అనలేదు, కాగితం మీద రాసుకున్నాను. మీకూ పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాను. బుట్టలను బురదనీళ్లతో కడిగి, వరి ఊకతో రుద్ది, ఆరబెట్టాలి. అదే సాయంత్రం గట్ల మీది బొరియలన్నీ మట్టితో మూసేయాలి. తెల్లారి ఏవి తెరుచుకుని ఉంటే వాటిలోనే ఎలుకలున్నట్టు. ఆ బొరియల ముందు, గట్టు వారన, గింజలు వేసి బుట్టలు పెట్టాలి. కానీ వెంటనే ఉచ్చు కట్టకూడదు. రెండు రాత్రులు ఎలుకను ఊరికే తిని పోనివ్వాలి. మూడో రాత్రి పైన వెదురు బద్దను విల్లులా వంచి, చిన్న పుల్లతో ఆపి, ఉచ్చు కట్టాలి. ఎలుక గింజలు కదిలించగానే పుల్ల జారుతుంది, బద్ద లేస్తుంది, ఉచ్చు బిగుస్తుంది.

"ఇంకొక్కటి. ఒక గట్టు ఇడిసిపెట్టాలె" అన్నాడు.

"ఎందుకు దాదా?"

"అన్నీ నువ్వే పట్టుకుంటె పామేం తినాలె, గూబేం తినాలె? అవి ఉంటెనే గదా వచ్చేయేడు నీకు జర పని తప్పేది. మా బాపు గట్లనే చేసిండు."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఈ సాయంత్రమే బొరియలు మూస్తే శుక్ర, శనివారాలు ఊరికే పెట్టాలి, ఆదివారం ఉచ్చు కట్టాలి. సోమవారం పొద్దున తేలుతుంది. ఓదెలు మందు పెట్టేదీ సోమవారం పొద్దుననే. ఒక్క రోజు తప్పినా అంతే సంగతులు. గూడెంలో ఫోను పనిచేసేది బడి వెనక దిబ్బ మీద ఒక్కచోటే. అందుకే దాదా నంబరు ఎప్పుడూ కలవలేదు. దిబ్బెక్కి అక్కకు ఫోన్ చేసి, కాగితంలో ఉన్నదంతా చదివాను. అక్క ఊఁ కొడుతూ వింది.

"పూజ నువ్వే చేస్తివి గదా?" అంది చివర్లో.

"నేనే అక్కా."

"సరే, ఫోన్ పెట్టేయ్."

చేస్తానని అనలేదు, చెయ్యనని అనలేదు. విషం పొట్లాలప్పుడు కూడా నేను ఇంతే నమ్మకంగా చెప్పాను కదా, ఇప్పుడు ఎందుకు వినాలి? ఆ దిబ్బ దిగుతుంటే నాకు నిజంగా సిగ్గేసింది.

వెళ్లిపోదామనుకున్నాను గానీ, చేత్తో చేయకుండా తెలిసినట్టు కాదని దాదా ఆపాడు. స్టూడియో మా ఆవిడకు అప్పజెప్పి నాలుగు రోజులు ఉండిపోయాను. పడక వాళ్ల అరుగు మీద, దోమతెర ఇచ్చారు. తిండికి లోటు లేదు. పొద్దున జొన్నరొట్టె, మిరపతొక్కు; సాయంత్రం అన్నం, కందిపప్పు. సోంబాయి చేసే తొక్కుకు కళ్లలో నీళ్లు వస్తాయి, అయినా రెండోసారి అడగకుండా ఉండలేం. పగలంతా దాదా వరిమడి గట్ల వెంట వంగి నడవడమే నా పని. శుక్రవారం పొద్దున ఆయన మడిలో మూసిన బొరియల్లో ఎనిమిది తెరుచుకున్నాయి. వాటి ముందు ఎనిమిది బుట్టలు పెట్టాం. శనివారం ముడి వేయడం నేర్చుకున్నాను. వెదురు బద్ద నా చేతిలోంచి జారి బొటనవేలి మీద కొట్టింది. వేలు వంకాయంత వాచింది.

"మొదటి ఎలుక దొరికింది" అంది సోంబాయి.

ఆదివారం సాయంత్రం ఎనిమిదింటికీ ఉచ్చులు కట్టాం. మూడు నేను కట్టాను. తర్వాత దిబ్బెక్కి, ఈ రాత్రే కట్టాలని గుర్తు చేద్దామని అక్కకు ఫోన్ చేశాను. రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

సోమవారం ఆరు గంటలకు చూస్తే దాదా మడిలో అయిదు బుట్టల్లో ఎలుకలు పడ్డాయి. నేను కట్టిన మూడింటిలో ఒకటి! "ఇగ నువ్వు ఉస్తాద్‌వి" అన్నాడు దాదా. ఆ ఎలుకతో ఫొటో కూడా దిగాను. కానీ మనసంతా మంథని మీదే ఉంది. ఈపాటికి ఓదెలు గట్టు మీదికి వచ్చే ఉంటాడు.

ఏడున్నరకు ఆటో, ఎనిమిదిన్నరకు జైనూర్ నుంచి బస్సు. ఘాట్ దిగాక ఫోనులో సిగ్నల్ వచ్చింది, నాకు మాత్రం ధైర్యం రాలేదు. ఆసిఫాబాద్‌లో భోజనం ముందు పెట్టుకుని సగం వదిలేశాను. పన్నెండున్నరకు రైలెక్కాను. బెల్లంపల్లి దాటాక ఫోన్ మోగింది. అక్క. మోతి పోయాక తనంతట తాను నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"ఏడున్నవ్?"

"రైల్ల ఉన్న అక్కా. ఏమైంది?"

"పదకొండుల తొమ్మిది పడ్డయ్."

నేను లేచి నిలబడ్డాను. పక్కనున్నాయన స్టేషన్ వచ్చిందనుకుని సంచి తీసుకున్నాడు.

"నిన్న ఫోన్ ఎందుకు ఎత్తలే?"

"ఉచ్చు కట్టేటప్పుడు ఎట్లెత్తాలె? రెండు చేతులూ బురదనే. గోదారి దిక్కు గట్టు ఇడిసిపెట్టిన, నువ్వు చెప్పినట్టే. ఓదెలు మందు పట్టుకొనే వచ్చిండు. బుట్టలు సూసి గట్టు మీదనే కూసున్నడు. తనకు గూడ పది బుట్టలు తెప్పియ్యమంటుండు. మందు దుకాణంల వాపసిచ్చిండు."

"అక్కా, మోతి విషయంల..." అని మొదలుపెట్టాను.

"నువ్వు కావాల్నని చేసినవా తమ్మీ?" అంది అక్క. "నాకు కోపం గాదు రా. పొద్దుగాల గట్టు మీద నడుస్తుంటె ఎనుక దాని అడుగుల సప్పుడు ఉండేది. గిప్పుడు లేదు. గదే నా బాధ. ఇయ్యాల గూడ ఉచ్చులు కట్టాలె. రాత్రి ఈడనే పండు. రేపు పొద్దుగాల ఇద్దరం పోయి సూద్దాం."

ఎలుకలు పట్టడం నేర్చుకోవాలనుకునే వాళ్లు జైనూర్ తప్పకుండా వెళ్లండి. దారి బాగుంటుంది, తిండి బాగుంటుంది, మనుషులు నవ్విస్తారు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం తొందరపడి టికెట్ తీసుకోకండి. పెద్దపల్లిలో దిగేసరికి రెండు ముప్పావు. కరీంనగర్ బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. దాన్ని పోనిచ్చి మంథని బస్సెక్కాను. పొద్దున అక్క ముందు నడుస్తుంది. ఈసారి వెనక నేనుంటాను.