ఈకల ఈగ

కంపౌండరుగా రిటైరైనా ఆయన చేతికి నాడి చూసే అలవాటు పోలేదు. రోజూ పొద్దున్నే వాగు ఒడ్డున గొంతుక్కూర్చుని, నీళ్లలో మూడు వేళ్లు ముంచి కళ్లు మూసుకుంటాడు. ఎగువనున్న ఫ్యాక్టరీ వేడినీళ్లు వదలడం మొదలెట్టాక వాగు జ్వరం మనిషిలా కాగుతోంది. చల్లటి నీళ్లలో తప్ప బతకని మచ్చల చేప కనబడి మూడేళ్లయింది. ఆ సంగతి మంచం దిగలేని భార్యకి చెప్పలేదు. ఆ చేపని మోసగించడానికే ఆవిడ వణికే వేళ్లతో గాలపు ముల్లుకి ఈకలు చుట్టి ఎరగా ఉత్తుత్తి ఈగలు కడుతుంది. ఇంటికి రాగానే ఆయన, "నీ ఈగని చూసి పైకొచ్చిందే! మూతి ఆనించి తప్పించుకుంది," అంటాడు. నిన్న కూడా చెప్పులు విడుస్తూ అదే అన్నాడు. ఆవిడ ఈగని అందుకుని పెదవికి ఆనించుకుంది. ఈకలు పొడిగా, తను కట్టినట్టే నిక్కపొడుచుకుని ఉన్నాయి. గాలం వెయ్యడం ఎప్పుడో మానేసి, ఈగని వాగులో ముంచి తెచ్చే మనిషి, నిన్న ముంచడం మర్చిపోయాడు.

"మూతి ఎక్కడ ఆనించిందండీ?" అందావిడ.

ఆయన వేలితో ఈగ తోక చూపించాడు.

"అయితే రేపటికి తోక పొట్టిగా కడతాను," అని ఆవిడ దారపుండ కోసం పక్కంతా తడుముకుంది.