బాల్కనీలో చిక్కుకున్న టైపు మిషన్

మా చిన్నప్పుడు... టైపు పరీక్ష రోజు వచ్చిందంటే చాలు, కరీంనగర్ టవర్ దగ్గరి మూడంతస్తుల బిల్డింగ్ ముందు జనం మెడలు పైకెత్తి నిలబడేవాళ్ళు. గంపల్లో పెట్టి తాడుతో టైపు మిషన్లు కిందికి దింపుతుంటే చూడాలి కదా మరి!

అప్పట్లో పరీక్షకు మిషన్ కూడా మనమే పట్టుకుపోవాలి. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు...

ఆ బిల్డింగ్ మా బాపు పెళ్లికి ముందే కట్టారట. అంత ఎత్తు కట్టడం అదే మొదటిదని, పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చి చూసిపోయేవారట. కింద బట్టల దుకాణాలు, మధ్యలో వకీళ్ల ఆఫీసులు, పైన టైపు ఇన్‌స్టిట్యూట్. మెట్లు మాత్రం... కట్టినాయన ఎవరి మీద కోపంతో కట్టించాడో గానీ, నిటారుగా, ఇరుకుగా ఉండేవి. బట్టల మూటలు లాగడానికి డాబా మీద బిగించిన గిరకే మిషన్లకూ దిక్కు.

మా సరోజక్క టైపులో లోయర్ పరీక్ష ఒకసారి తప్పింది. చేతికి అలవాటైన మిషన్‌ను ఆ రోజు వేరేవాళ్ళు పట్టుకుపోయారు. రెండోసారి బాపు ముందే చెప్పేశాడు.

"గీసారి గూడ తప్పితే టైపు బంద్. అవ్వతోని కూసోని బీడీలు చెయ్యి."

అవ్వ, అంటే మా అమ్మ, ఆ బీడీలు చేసే మమ్మల్ని సాకింది, అందులో తప్పేం లేదు. కానీ అక్కకు ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఒకటే పిచ్చి...

ఈసారి తెల్లారకముందే వెళ్లి తన మిషన్ తను పట్టుకుంది. అవ్వేమో "గింతమంది సూపు పడుతది" అంటూ తన పాత చీర ముక్క ఒకటి దానికి చుట్టింది.

డాబా మీద వాచ్‌మన్ ఖాసీం చాచా తాడు వదులుతున్నాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, నేనున్న గద!"

గంప సగం దూరం వచ్చిందో లేదో, వేలాడుతున్న చీర ముక్క మధ్య అంతస్తులోని ఒక వకీలు సాబ్ బాల్కనీ కటకటాల ఇనుప పువ్వుకు చిక్కుకుంది. గంప ఒరిగింది. జనం "అరె అరె" అంటూ వెనక్కి ఉరికారు. నేనైతే బోరుమన్నాను.

ఆ వకీలు సాబ్ సామాన్యుడు కాదు. టకటక చప్పుడుకు తల పగిలిపోతోందని ఇన్‌స్టిట్యూట్‌ను ఖాళీ చేయించాలని తిరుగుతున్న మనిషి. ఆ మనిషే బాల్కనీలోకి వచ్చాడు...

"ఏం ఖాసీం! పైన మోగింది సాలలేదా, నా ఆఫీసులకే పంపినవా?"

అరుస్తూనే మిషన్‌ను రెండు చేతులా వాటేసుకుని లోపలికి లాక్కున్నాడు. నల్లకోటుతో, అవ్వ చీర ముక్క భుజం మీద వేలాడుతుండగా, ఆ దిక్కుమాలిన మెట్లన్నీ తనే మోసుకుంటూ దిగాడు. జనం ఒకటే ఈలలు! రిక్షాలో పెట్టి, రొప్పుతూ అన్నాడు...

"పో బిడ్డా, మంచిగ కొట్టు. పాసైతే మా ఆఫీసుకే రా. గా టకటక ఎట్లాగు ఇనుడు తప్పుతలేదు, జర పనికన్న వస్తది."

అక్క పాసైంది. ఆయన ఆఫీసులోనే చేరింది. మొదటి రోజు ఆ కుర్చీలో అక్కను చూసి బాపు తలుపు దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఎంత గర్వమో...

పోయిన నెల ఆ బిల్డింగ్ కూల్చేశారు. అక్కా నేనూ వెళ్లేసరికి మధ్య అంతస్తు ఇంకా మిగిలి ఉంది. "గా గదిలనే నాకు నౌకరి దొరికింది కొడుకా" అని అక్క చెబితే, జేసీబీ నడిపే అబ్బాయి బండి ఆపేశాడు. "సూస్కో అమ్మా, నీకు సాలు అనిపించినంక సెప్పు" అన్నాడు.

అక్క ఎంతసేపటికీ చెప్పలేదు...

మీ ఇంట్లో మొదటి నౌకరి ఏ బిల్డింగ్‌లో దొరికింది? అది ఇంకా నిలిచి ఉంటే, ఒకసారి పోయి చూసి వచ్చి నాకూ చెప్పండి.