పుట్టకు పోసిన పాలు

శ్రావణంలో నాగుల పంచమి వచ్చిందంటే మా కోడలు పాలచెంబు సిద్ధం చేసి నా ముఖంలోకి చూస్తుంది. "అత్తమ్మా, ఈసారన్న వస్తవా?" అని అడుగుతుంది. నేను పోను. ఎందుకు పోనో చెబితే పండుగ పూట ఇంట్లో ఏడుపు. అందుకే మోకాళ్ల నొప్పులని తప్పించుకుంటాను. నిజానికి నా మోకాళ్లకు ఏ రోగమూ లేదు.

మాది భువనగిరికీ నల్గొండకూ నడుమ ఒక ఊరు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లను వెతుక్కుంటూ రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న కాలం. మగవాళ్లు చాలామంది చేలల్లో, గుట్టల్లో తలదాచుకునేవారు. మా బాపు మాత్రం సారా కొట్టంలో తలదాచుకున్నాడు. సారా గుత్త రజాకార్లకు అండగా ఉన్న ఊరి దొరది కాబట్టి ఆ కొట్టం జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. మొదట భయానికి తాగాడు, తర్వాత భయం లేని రోజు కూడా తాగాడు. అమ్మ జొన్న గట్క పెడితే కాస్త కెలికి, కడుపు నిండిందని లేచేవాడు. దేనితో నిండిందో ఇల్లంతా వాసన కొట్టేది.

ఒక ఎండాకాలం ఆయన ముంజేతులు నల్లబడ్డాయి. మెడ చుట్టూ పలుపు ఒరుసుకున్నట్టు నల్లటి పట్టీ వచ్చింది. అది పొక్కి, పగిలి, పొరలు పొరలుగా ఊడేది. నాలుక పుండైంది, విరేచనాలు కట్టలేదు. పిలిస్తే ఒక్కోసారి నేనెవరో గుర్తుపట్టేవాడు కాదు.

మా అవ్వ, అంటే బాపు తల్లి, చూడగానే తేల్చేసింది. "దుక్కి దున్నంగ నాగుపామును సంపిండు. గందుకే గిట్ల కుబుసం ఇడుస్తాండు."

ఊరంతా తల ఊపింది. సారా తాగేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్ల తోలు బాగానే ఉంది, కాబట్టి సారాది తప్పు లేదు. ఈ తీర్పు అందరికంటే ఎక్కువగా బాపుకు నచ్చింది. అమ్మ గ్లాసు లాక్కోబోతే, "పాము ఉసురుకు సారా ఏం జేస్తదే? తాగితె దురద జర ఆగుతది" అనేవాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంట్లో ఒక్క బర్రె. అది ఇచ్చే చెంబెడు పాలు, కోళ్లు పెట్టిన గుడ్లు, అన్నీ ఊరవతలి పుట్టకే. మోసుకుపోయేది నేను. అంచుకు అంటిన చుక్క నాకినా అవ్వ వీపు చిట్లగొట్టేది. ఎముకలు తేలిన బాపు అరుగు మీద కూర్చుని ఆ చెంబు పోవడం చూస్తుండేవాడు. వచ్చేటప్పుడు పుట్టమన్ను తెచ్చి ఆయన చేతులకు పూసేవాళ్లం. అది పగుళ్లలో పడి మంటకు అరిచేవాడు.

పోలీసు చర్య అయి దారులు తెరుచుకున్నాక, అమ్మ తమ్ముడు బండి కట్టి బాపును నల్గొండ దవాఖానకు తీసుకుపోయాడు. అమ్మా నేనూ వెంట పోయాం. డాక్టరు చేతులు చూశాడు, మెడ చూశాడు, అంగీ విప్పమన్నాడు. అంగీ కింద చర్మం మామూలుగా ఉంది. రోజూ చూస్తున్నా మాకెవరికీ ఆ సంగతి తట్టలేదు. అమ్మ పాము కథంతా చెప్పింది.

"పాముకు అంగి అడ్డమొచ్చిందా అమ్మా?" అన్నాడు డాక్టరు. "ఎండ తగిలిన కాడనే పగిలింది. తిండి మాని తాగేటోళ్లకు గిట్లనే అయితది. సారా బందు చెయ్యాలె. పాలు, గుడ్లు, పల్లీలు, మాంసం పెట్టాలె. ఎండల తిరగనియ్యకు. పగుళ్లకు కుసుమ నూనె రాయి. ఇంట్ల పాడి ఉందా?"

"ఉంది" అంది అమ్మ. ఆ పాలు ఎక్కడికి పోతున్నాయో చెప్పలేదు. ఇల్లు చేరేదాకా బండిలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాటి నుంచి పాలు బాపుకే. అవ్వ శాపనార్థాలు పెట్టినా అమ్మ వినలేదు. రజాకార్ల అండ పోయేసరికి దొర పట్నం పారిపోయి కొట్టం మూతపడింది కాబట్టి సారా కూడా దొరకలేదు. మొదట్లో బాపు వణికాడు, తిట్టాడు, గిన్నెలు విసిరాడు. మెల్లగా డాక్టరిచ్చిన గోలీలూ తిండీ ఒంటబట్టాయి. నాలుక మానింది. మెడ మీది పట్టీ రాలిపోయి లేత చర్మం వచ్చింది. ఒకరోజు నన్ను పేరు పెట్టి పిలిచి జడ లాగాడు. అమ్మ పకపకా నవ్వింది.

కొన్నాళ్లకు దొర ఖద్దరు టోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. కొట్టం తెరిచారు. బాపు తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"పాము ఉసురు తీరింది. ఇగ నాకేం ఫికర్?" అన్నాడు.

అమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. ఆమెను దాటుకుని పోయాడు.

మళ్లీ ఎండాకాలానికి మెడ మీద పట్టీ వచ్చింది. ఈసారి పాలు పట్టినా కడుపులో నిలవలేదు. వానలు పడకముందే పోయాడు. శవం పక్కన కూర్చుని అవ్వ అందరికీ వినబడేలా అంది: "నాగన్న పాలు మొగనికి తాపి సంపుకున్నది."

ఊరు ఆ మాటే పట్టుకుంది. ఏ శుభకార్యానికైనా అమ్మ వస్తుంటే చెవులు కొరుక్కునేవారు. దొరను మాత్రం ఒక్కరూ ఒక్క మాట అనలేదు. పైగా వంగి వంగి దండాలు పెట్టారు.

అదంతా మింగాను. మింగలేనిది ఒకటి మిగిలిపోయింది. అమ్మ ముసలిదై, చూపు ఆనక, నా దగ్గర ఉన్న రోజుల్లో ఒక పంచమి పూట పాలచెంబు పట్టుకుని గోడ తడుముకుంటూ వాకిట్లోకి వచ్చింది. పుట్ట దగ్గరికి తోలుకపొమ్మంది.

"డాక్టరు చెప్పింది మర్చిపోయినవా అమ్మా?" అన్నాను.

"డాక్టరు మంచిగనే చెప్పిండు బిడ్డా," అంది. "కాని సగం పాలన్న పుట్టకు పొయ్యాల్సి ఉండె. మీ బాపును నేనే సంపుకున్న."