అంగారకుడి మీద బొడ్రాయి

మొన్న టీవీలో ఎక్కడో దూరాన భూమిలాంటి గ్రహం కనిపెట్టారని చెబుతుంటే పక్కింటి వదిన నోరు తెరుచుకుని చూసింది గానీ, నాకు అదేమంత వింతగా తోచలేదు. మా ఇంట్లో వేరే గ్రహం మీద ఊరు కట్టి చాలా ఏళ్లయింది.

అప్పటికి శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచి రెండేళ్లయి ఉంటుంది. మా పాత ఊరు దాని కిందికే పోయి, మేము కొత్త కాలనీలో ఉంటున్నాం. తొమ్మిదో తరగతి చదివే మా మనుమరాలు బడిలో కథల పోటీకని, పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి నేను కుట్టిచ్చిన పుస్తకంలో (కొత్తది కొనడం నాకు దండగ) ఒక కథ రాసింది. మూడో తరగతితో ఆగిన నా చదువుకు అది ఎక్కదని పిల్లనే చదివి వినిపించమన్నాను. భూమి మీద నీళ్లు అయిపోయి, మనుషులు ఓడెక్కి అంగారకుడి మీదికి పోయి ఇళ్లు కట్టుకుంటారు.

నాకు ఒళ్లు మండింది. శనివారం శనివారం నవగ్రహాల చుట్టూ తిరిగే ఇంట్లో పుట్టి, ఆ దేవుడి ఒంటి మీద బూట్లతో దిగి పునాదులు తవ్విస్తుందా? పైగా బయల్దేరేది మంగళవారమట. ఆనాడు మేము ఆడపిల్లను అత్తింటికి కూడా పంపం. ఈ కథ గడప దాటదని చెప్పి పుస్తకాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూతేశాను. తెల్లారితే కథ ఇవ్వడానికి ఆఖరి రోజు. పిల్ల ఏడవలేదు, అలగలేదు; వచ్చి నా పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీయసాగింది.

"నానమ్మా, భూమి గూడ దేవతనే గదా. మరి దున్నుతం, తవ్వుతం."

"దండం పెట్టి, అడిగి తవ్వుతం బిడ్డా. నీ కథల ఒక్కడన్న దండం పెట్టిండా?"

అది ఇంకో కాయ అందుకుని, మరి ఈడికొచ్చినప్పుడు మీరు ముందుగాల ఏం చేసిన్రని అడిగింది. ఊరి నడుమ బొడ్రాయి నిలబెట్టామని, దాని కింద నవధాన్యాలు పోశామని, పెళ్లిళ్లయి పోయిన ఆడబిడ్డలందరినీ పిలిచామని చెప్పుకొచ్చాను. పాత బొడ్రాయిని విడిచి వస్తే ఊరి దేవతలు ఊరుకోరని మా బావగారు కదలనని మొండికేస్తే, దాని మొదట్లో మట్టిని మా ఆయన కండువాలో మూటగట్టి తెచ్చి కొత్త రాయి కింద పోశాక గానీ బావగారు రాలేదని కూడా చెప్పాను. చెబుతుంటే నాకే తట్టింది. అప్పుడు బావగారన్నదీ, ఇప్పుడు నేనన్నదీ ఒకటే.

లేచి డబ్బా మూత తీశాను. కథలో ప్రయాణం బుధవారానికి మారింది. దిగినవాళ్లు చెప్పులు విడిచి, దండం పెట్టి, భూమి నుంచి తెచ్చిన పిడికెడు మట్టి పోసి బొడ్రాయి నిలిపారు. మరి పండుగకు ఆడబిడ్డలు అంత దూరం ఎట్లొస్తరన్నాను.

"ఓడ పంపుతం నానమ్మా. కిరాయి లేదు."

కిరాయి లేకుంటే సరేనన్నాను.

బహుమతి రాలేదు. సైన్సు కథలో బొడ్రాయి ఏందని సారు నవ్వాడట. ఊరు పోగొట్టుకోని మనిషికి ఏం తెలుస్తదని నేనన్నాను. దానికి ఆ మాటే చాలింది.

ఇప్పుడది బుద్వేల్ దిక్కు ఉద్యోగం చేసుకుంటూ చల్లగా ఉంది. ఏ పనైనా అయిపోయాక ఫోన్లో చెబుతుంది, నేనూ సంతోషపడతాను. మా ఇంట్లో నేను వద్దంటే ఆగే పని ఇప్పుడేదీ లేదు, ఆగాలనీ లేదు. కానీ నేను కాదన్నానని పక్కన కూర్చుని, ఔననిపించేదాకా లేవని మనిషి ఒకప్పుడు నాకుండేదని తలచుకుంటే మాత్రం, కడుపు నిండినట్టే ఉండి, ఎక్కడో కొంచెం వెలితిగా ఉంటుంది.