తలుపు మీది కాగితం

డాన్యూబ్ ఒడ్డున ఆ బల్గేరియా ఊళ్లో జనన మరణాల డేటాబేసును పందొమ్మిదేళ్లుగా రుమ్యానా ఒక్కతే చూసుకుంటోంది. రోజూ పొద్దున్నే పాత బ్యాకప్ ఫైళ్లను చేత్తో చెరిపి, డిస్కులో కొత్తవాటికి చోటు చేసేది. ఆ పని మరొకరికి నేర్పలేదు. భర్త లూబెన్ పోయాక ఎనిమిది రోజులు ఇల్లు కదల్లేదు. ఆయన పోయిన రోజే డిస్కు నిండి బ్యాకప్ ఆగిపోయింది. తొమ్మిదో రోజు ఆమె పనిలోకి వచ్చేసరికి డేటాబేసు కూలిపోయి ఉంది.

చివరి ఫైలుతో దాన్ని మళ్లీ నిలబెట్టింది. కానీ అది లూబెన్ పోవడానికి ముందు రోజుది. ఆ తర్వాతి చావులేవీ అందులో లేవు.

"ఆ పనేదో ఇంకొకరికి చెప్పి ఉంటే మీ సొమ్మేం పోయేది?" అన్నాడు పై అధికారి కాంబురోవ్. "ఆ చావుల తాలూకు కాగితాలన్నీ జిల్లాకి వెళ్లిపోయాయి. వెళ్లి గోడలు చదువుకు రండి. పోయినవాళ్లంతా అక్కడే ఉన్నారుగా!"

అక్కడి ఆచారం ప్రకారం గోడలకూ స్తంభాలకూ తలుపులకూ ఫొటోలతో అంటించిన చావు కబుర్ల కాగితాలు చదువుతూ రుమ్యానా ఊరంతా తిరిగింది. పదకొండు పేర్లు తెచ్చి ఎక్కించింది.

"అయినట్టేనా?" అన్నాడు కాంబురోవ్.

తెర మీద లూబెన్ పేరు తెరిచే ఉంది. మరణ తేదీ గడి ఖాళీ.

"ఇంకో తలుపుందండీ, మాదే," అంది. "దాని మీది తేదీ ఎక్కించడానికే చేయాడటం లేదు."