సుభాషిణి బోర్డు

హనుమకొండ సుబేదారిలో కిషన్ రావు కట్టించిన మూడు షట్టర్లలో మధ్యది నాది. బ్లౌజులు కుడతాను. ఒకరోజు చీరల దుకాణం ప్రేమలతమ్మ ఇంటి నుంచి బ్లౌజుల మూట వచ్చింది. వెనక ఉన్న హుక్కులు తీసి ముందుకు పెట్టాలట, చంకల దగ్గర వదులు చెయ్యాలట. చెయ్యి వెనక్కి పోని మనిషి తప్ప ఇంకెవరూ అట్లా అడగరు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, మిషన్ ఆపేసి పక్క షట్టర్‌కు ఉరికి సుభాషిణికి చెప్పాను. ఒకరి నొప్పికి సంతోషించడమేమిటని నన్ను తిట్టుకునేవాళ్లు, ముందు జరిగింది వినాలి.

సుభాషిణిది తొర్రూరు దగ్గర పల్లె. వాళ్లమ్మ పూలమ్మ ఊళ్లో బాలింతలకు నూనె రాసేది, పసిపిల్లల్ని కాళ్ల మీద పడుకోబెట్టుకొని నలుగు పెట్టి స్నానం చేయించేది. ఆ చేతులే కూతురికీ వచ్చాయి. డిగ్రీ మధ్యలో ఆగిపోతే ఈమె హైదరాబాద్ పోయి మసాజ్ థెరపీ కోర్సు చేసింది. ఏ కండరాన్ని ఎట్లా వత్తాలో, ఎవరిని ముట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి పంపాలో నేర్చుకుంది. కోర్సు అయ్యేసరికి పనే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. హోటళ్లు పిలిచాయి, ఫిజియోథెరపీ క్లినిక్కులు పిలిచాయి, ఒక ఏజెంటు దుబాయ్ వీసా చేతిలో పెడతానన్నాడు. ఈ పనికి ఇంకో ఇరవై ఏళ్లయినా గిరాకీ తగ్గదని, బస్సులో ముందు సీటు ఆమెను చూసినా తనకు మెడ నొప్పే కనిపిస్తుందని నవ్వేది. కొన్నేళ్లు హైదరాబాద్‌లోనే చేసి, మన హనుమకొండ ఆడవాళ్లకు మాత్రం మెడలు లేవా అని తిరిగొచ్చింది. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేసే సెంటర్ పెట్టాలని ఆమె కోరిక. కిషన్ రావు షట్టర్ ఇచ్చాడు. ఆకుపచ్చ అక్షరాలతో పెద్ద బోర్డు రాయించింది.

మన బజారులో ఒక అలవాటుంది. కొత్త దుకాణం తెరిస్తే, చెయ్యి మంచిదని పేరున్న మనిషిని బొట్టు పెట్టి పిలిచి, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టిస్తారు. చౌరస్తా నుంచి సుబేదారి దాకా ఆ పేరు ప్రేమలతమ్మది. బంగారం దుకాణమైనా టీ కొట్టయినా ఆమె చెయ్యి పడితేగాని తెరుచుకోదు. ఆ పేరును ఆమె మెడలో గొలుసు కంటే ఎక్కువ చూసుకుంటుంది. సుభాషిణి కూడా ఆమెనే పిలిచింది. ఏదో ఆయుర్వేదం మందుల దుకాణం అనుకొని పట్టుచీర కట్టుకొని వచ్చిన ఆ తల్లి, గుమ్మం ముందు నిలబడి బోర్డు చదివింది. గుమ్మడికాయ ఇంకా పళ్లెంలోనే ఉంది.

"మసాజ్ దుకాణమా? గసొంటి దుకాణంల నా చెయ్యి పెట్ట" అంది, అందరూ వినేటట్టు. అని ఆటో ఎక్కి పోయింది.

వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. పూలమ్మ కొత్త చీరలో అక్కడే నిలబడి ఉంది. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"గసొంటి అంటే ఎసొంటిది బిడ్డా?"

ఆమె చెయ్యి పట్టుకొని నా దుకాణంలోకి తీసుకుపోయి కూర్చోబెట్టాను. వారం తిరక్కుండానే కిషన్ రావు, షట్టర్ ఉంచుకో గాని బోర్డు వద్దమ్మా, కాలనీవాళ్లు నన్ను అంటున్నారు అని, మనిషిని పెట్టి దాన్ని దింపించాడు. కూతురి దగ్గరే ఆగిపోయిన పూలమ్మ చూస్తుండగానే దింపారు. ఆమె సంచి సర్దుకొని ఊరికి పోయింది. ఆ వానాకాలమే జ్వరం వచ్చి కన్నుమూసింది. ఊళ్లో పిల్లలందరికీ స్నానం పోసిన మనిషి ఆ ఒక్క మాటను మోసుకొని పోయింది. దానికి ప్రేమలతమ్మను నేను క్షమించలేదు, క్షమించను కూడా.

సుభాషిణి ఏడవలేదు. పొద్దున క్లినిక్‌లో జీతానికి చేసి, మధ్యాహ్నం బోర్డు లేని షట్టర్ తెరుచుకొని కూర్చునేది. వచ్చేవాళ్లు ఎవరూ లేరు. బోర్డును నా దుకాణంలో గోడకు తిప్పి పెట్టింది. అడ్డంగా ఉంది, అమ్మేద్దామంటే ఒప్పుకోలేదు.

"ఉండనియ్ సుకన్యక్కా. ఎవలు దింపిచ్చిండ్రో వాళ్ల చేతనే ఎత్తిపిస్త" అంది.

అందుకే ఆ హుక్కుల కబురు విని ఆమె కళ్లు మెరిశాయి. భుజం పట్టేసింది, తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవదు అంది. సరిగ్గా అదే అయింది. ప్రేమలతమ్మకు డాక్టర్ సూది వేశాడు, వ్యాయామాలు రాశాడు, తోడుగా పని తెలిసినవాళ్ల చేత మాలిష్ చేయించుకోమన్నాడు. క్లినిక్‌లో అడిగితే వాళ్లు సుభాషిణి పేరే చెప్పారు. వేరే దారి లేదు. ఒంట్లో బాగాలేదని ఆమె రెండు దుకాణాల పిలుపులు తప్పించుకుంటే, బజారు అప్పుడే ఇంకో మంచి చెయ్యిని వెతుకుతోంది. సుభాషిణికి ఫోన్ చేసి, మగవాళ్లు దుకాణానికి పోయాక వెనక తలుపు నుంచి రమ్మంది.

"ఇంటికి రాను అమ్మా. మీరే సెంటర్‌కు రావాలె. పగటి పూట రావాలె" అని సుభాషిణి ఫోన్ పెట్టేసింది.

మూడోనాడు వచ్చింది, కొంగు ముఖం మీదికి లాక్కొని. నేను కావాలనే బయటికి వచ్చి నమస్తే అమ్మా అని గట్టిగా పలకరించాను. ఆ రోజు నుంచి గోడ అవతల ఆమె అమ్మా అబ్బా అంటుంటే నా మిషన్ హాయిగా నడిచేది. జర గట్టిగా వత్తుతున్నావా అని ఆశగా అడిగితే సుభాషిణి తల అడ్డంగా ఊపింది.

"పగ చేతులల్లకు తెచ్చుకుంటే పని పాడైతదక్కా. పగను వేరే జాగల పెట్టిన."

చెయ్యి మెల్లగా లేచింది. ముందు నోటి దాకా, తర్వాత చెవి దాకా. చలికాలం పోయేసరికి తల పైకి వచ్చింది. అప్పుడు చౌరస్తాలో కొత్త బంగారం దుకాణం వాళ్లు ప్రేమలతమ్మను పిలిచారు. ఆమె ఆనందంగా ఆ సంగతి చెబుతుంటే సుభాషిణి చేతులు తుడుచుకుంది.

"ఈ చెయ్యి ముందుగాల నా గుమ్మానికి గుమ్మడికాయ కట్టాలె అమ్మా. లేకుంటే ఇన్ని దినాలు మీరు ఏడికి వచ్చిండ్రో, ఏం చేపిచ్చుకున్నరో నేనే బజారుల చెప్త."

ప్రేమలతమ్మ ముఖం మాడిపోయింది. కానీ తను వేసిన మచ్చ ఎట్లాంటిదో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? ఒప్పుకుంది.

శుక్రవారం పొద్దున, అప్పుడు జారుకున్న ఆడవాళ్లందరినీ నేనే బొట్టు పెట్టి పిలిచాను. ప్రేమలతమ్మే వస్తుందని తెలిసి కాలనీ భయం పోయిన కిషన్ రావు తన చేతులతోనే బోర్డు బిగించాడు. ప్రేమలతమ్మ స్టూల్ ఎక్కి గుమ్మడికాయ పైకెత్తింది. చివరి జానెడు దగ్గర భుజం మొరాయించింది. సాయానికి ఎవరో ముందుకు రాబోతే సుభాషిణి ఆపింది. తాడు ముడి పడేదాకా అట్లాగే చూస్తూ నిలబడింది.

స్టూల్ దిగి, ఇప్పుడు సరిపోయిందా అని ప్రేమలతమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఆరోజు అందరు వినేటట్టు అన్నరు. ఈ చెయ్యి ఎవలు బాగుచేసిండ్రో గట్లనే చెప్పుండ్రి."

చెప్పింది. తలవంచుకొని, కానీ అందరికీ వినిపించేటట్టే చెప్పింది. ఆ సాయంత్రానికే ముగ్గురు ఆడవాళ్లు టైమింగులు అడిగి పోయారు. ఇప్పుడు సెంటర్‌లో ఇంకో ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తున్నారు, ఇంకొందరు నేర్చుకుంటున్నారు. ప్రేమలతమ్మ కూడా బెంచీ మీద తన వంతు వచ్చేదాకా కూర్చుంటుంది. ముందు పిలవమని ఆమె అడగదు, సుభాషిణి పిలవదు.

ఆ శుక్రవారం అందరూ పోయాక, ఇకనైనా నీ కోపం చల్లారిందా అని అడిగాను. సుభాషిణి తలెత్తి బోర్డు వైపు చూసింది.

"లేదక్కా. దించిననాడు మా అమ్మ చూసింది. ఎత్తిననాడు లేదు."