అటక మీది కొర్ర విత్తనం

మా నాయన ఆ వ్యవసాయ శాఖ మనిషికి ఎదురు చెప్పలేదు. చెప్పడానికేముంది? జీపులో వచ్చినాయన రేడియోలో రోజూ వినపడే మాటలే చెప్పాడు.

"దేశంలో జనం పెరిగిపోతా ఉండారప్పా. తిండిగింజలు నీళ్లుండే సీమలు పండిస్తాయి. మీ ఎర్రనేల నూనె పండించల్ల. నడుమ ఆ కొర్రసాలు ఎందుకు? చేనంతా శెనక్కాయే ఎయ్యి."

అప్పటిదాకా మా పావగడ పక్క ఎవరి చేలోనైనా వేరుశనగ మధ్య కొన్ని సాళ్లకొకటి కొర్రసాలు ఉండేది. అది ఆడవాళ్ల సాలు. విత్తనం వేసే గొర్రు వెనక విడిగా కట్టిన వెదురుగొట్టంలో అమ్మే గింజ వదులుతూ నడిచేది. ఆ ఏడు నాయన గొట్టం విప్పేశాడు. అమ్మకు ఒళ్లు మండింది.

"వాన రాకపోతే నూనె తాగి బతకల్లా?" అంది. నాయన ఎద్దుల్ని అదిలించాడు.

విత్తనం మాత్రం ఆమె పారేయలేదు. బూడిద కలిపి కుండలో పోసి, మూతికి పేడ మెత్తి అటకెక్కించింది. ఏటా ఎండాకాలంలో దించి, ఎండబెట్టి, మళ్లీ మెత్తేది. ఒక్క గింజ వండనివ్వలేదు. మేము రేషన్ బియ్యం తిన్నాం. అబద్ధమెందుకు, బాగానే ఉండేది.

తర్వాత వరసగా వానలు ఎగ్గొట్టాయి. వేరుశనగ పూలు రాలి ఊడలు మట్టిలోకి దిగే వేళకు నేల బిగుసుకుపోయి కాయ పట్టలేదు. ఇంట్లోకి గింజ లేదు, ఎద్దులకు మేత లేదు. చివరికి నాయనే అటకెక్కి కుండ దించాడు.

"ఈతూరి నీ సాలు ఏసుకో" అన్నాడు. అమ్మ నవ్వింది.

వాన పడి నేల తడిసింది. ఆ మంచి పదునులో విత్తారు. వేరుశనగ మొలిచింది. అమ్మ సాళ్లు మాత్రం ఎర్రగా, ఖాళీగా ఉన్నాయి. ఆమె గొంతుక్కూర్చుని వేలితో మట్టి తవ్వి చూసింది. వేసిన గింజ వేసినట్టే ఉంది. అన్నేళ్లు దాస్తే విత్తనం చచ్చిపోతుందని మాకెవరికీ తోచలేదు. ఏడాదికి మించి దాచే అవసరం అంతకు ముందు ఎవరికీ రాలేదు మరి.

పదును ఆరకముందే అమ్మ ఊళ్లోకి బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను. ఇల్లిల్లూ తిరిగి, గుప్పెడు కొర్ర విత్తనం పెట్టమని కొంగు పట్టింది. ఎవరింట్లోనూ లేదు. చివరి ఇంటామె అమ్మ ఈడుదే. ఆమె ఆశ్చర్యపోయింది.

"మాకాడ యాడుంటాయి మే? ఎట్లాగూ నువ్వు దాచినావు కదా అని, మేమంతా వండుకోని తినేస్తిమి."

అమ్మ కొంగు దోపుకుంది. ఇంటికొచ్చి ఎసట్లో రేషన్ బియ్యం పోసింది. నాకు ఏడుపు కూడా రాలేదు. ఆకలిగా ఉంది, తిన్నాను.